రోహిణి ఎండలో తడిసిన గడియారం

బెలుం గుహల్లోంచి మెట్లెక్కి బయటికి వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. 3,229 మీటర్ల పొడవున్న సున్నపురాతి గుహ అది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ దాని గురించి రాశాడు. ఒక శతాబ్దం తర్వాత డేనియల్ గెబావర్ బృందం జర్మనీ నుంచి వచ్చి లోపలి దారులు కొలిచింది. ఆ దారుల్లో గాలి ఆడదు. ఉక్క మనిషిని పట్టి పీడిస్తుంది. పైకి వస్తే రోహిణి కార్తె ఎండ. నా వెంట ఉన్న యాడికి ఊరి మిత్రుడు బండిలోంచి చల్లటి నీళ్ల క్యాను తీసి చేతుల మీద వంచాడు. ముఖం కడుక్కుని టైము చూద్దామని చెయ్యెత్తితే ముళ్లు కనిపించలేదు. గడియారం అద్దం తెల్లగా మసకబారి ఉంది. రుమాలుతో తుడిచాను, మసక చెరగలేదు. అది అద్దం లోపలి వైపున ఉంది.

"దాని తల తిప్పొద్దు, కీ ఇయ్యొద్దు" అన్నాడు మిత్రుడు. "మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండాడు. ఆయనకు చూపిద్దాం పా."

ఎలాగూ ఆ రాత్రి యాడికిలోనే బస. తాడిపత్రి మీదుగా బయల్దేరాం. దారి పొడుగునా రాతి ఫ్యాక్టరీలు, నిలువుగా పేర్చిన నల్ల బండలు, బండ కోసే రంపాల కింద ధారగా పారే నీళ్లు, ఆ నీళ్లతో కలిసి బయటికి వచ్చి గుట్టలుగా ఎండిన బూడిదరంగు రాతి బురద. తాడిపత్రి దగ్గర పెన్న ఇసుక తప్ప మరేమీ లేకుండా పడుంది. ఆ ఒడ్డునే ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయంలో మాత్రం లింగం చుట్టూ నీటి ఊట ఊరుతూనే ఉంటుంది. ఈ సీమలో నీరు ఎక్కడుంటుందో, ఎక్కడుండదో పైనుంచి చూసి చెప్పడం కష్టం. యాడికి చేరాక గడియారం విషయంలోనూ అదే మాట విన్నాను.

యాడికి ఉన్న అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాలో కురిసి, ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతాయి. ఇలాంటి చోట గడియారానికి నీళ్ల భయం ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. వానలు దంచికొట్టే కోనసీమలోనో, ఉప్పుగాలి వీచే విశాఖలోనో అయితే సరే. యాడికిలో గడియారానికి నీళ్లు దిగడమేమిటి?

పెద్దాయన కొట్టు బస్సులు ఆగే చోటికి దగ్గర్లోనే ఉంది. అద్దాల పెట్టె వెనక ఒక బల్ల. బల్ల మీద మెడ వంచిన దీపం, చిమ్టాలు, సన్న స్క్రూడ్రైవర్లు, గాలి కొట్టే రబ్బరు బుడ్డి. మూతపెట్టిన చిన్న గిన్నెలో పెట్రోలు. తెరిచిన మిషను మీద దుమ్ము పడకుండా బోర్లించే గాజు మూతలు వరసగా ఉన్నాయి. ఆయన మాట్లాడేటప్పుడు కూడా కంటికి బిగించిన భూతద్దం తియ్యడు. గడియారం అందుకుని అద్దం వైపు ఒకసారి, మా తడి చొక్కాల వైపు ఒకసారి చూశాడు.

"చెమటనా?" అన్నాడు.

"నీళ్లు పోసుకున్నాం అన్నా, అప్పుడే మసక వచ్చింది" అన్నాను.

"పోసుకున్న నీళ్లు ఇప్పుడు పోలేదప్పా. లోపల ముందే ఉండాయి. చల్లనీళ్లు పడేసరికి బయటపడినాయి."

ఆ మాట ఎంత శాస్త్రీయమో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. గడియారాల నీటి రక్షణకు ఐఎస్‌ఓ 22810 అని 2010 నుంచి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. నీళ్లు లోపలికి దిగాయో లేదో తేల్చడానికి అందులో ఉన్న పరీక్ష ఇలా ఉంటుంది. గడియారాన్ని 40 నుంచి 45 డిగ్రీల వేడి మీద ఉంచాలి. బాగా వేడెక్కాక అద్దం మీద చల్లటి నీటిబొట్టు వెయ్యాలి. ఒక నిమిషం ఆగి తుడిచెయ్యాలి. అద్దం లోపలి వైపున ఆవిరి పేరుకుంటే తేమ దిగినట్టు. బెలుం బయట రోహిణి ఎండలో మేము ఆ పరీక్షే చేశామన్నమాట. యాడికిలో ఆ పరీక్షకు పొయ్యి అక్కర్లేదు, మే నెల చాలు. పెద్దాయన కూడా గడియారం మూసి ఇచ్చే ముందు దీపం కింద వేడి చేసి, కుండలోని నీటిబొట్టు ఒకటి అద్దం మీద వేసి చూస్తాడట. ప్రమాణం పేరుతో ఆయనకు పనిలేదు. పని మాత్రం తెలుసు.

నాది కీ ఇచ్చే పాత హెచ్‌ఎంటీ. 1961లో హిందుస్తాన్ మెషీన్ టూల్స్ జపాన్ సిటిజెన్ సహకారంతో బెంగళూరులో చేతి గడియారాలు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తుమకూరులోనూ ఫ్యాక్టరీ పెట్టింది. మన హైదరాబాదులో ఆల్విన్ కూడా సీకో సహకారంతో గడియారాలు చేసింది. 1984లో పుట్టిన టైటాన్ హోసూరు నుంచి క్వార్ట్జ్ గడియారాలతో వచ్చి మార్కెట్టును మార్చేసింది. హెచ్‌ఎంటీ గడియారాల కంపెనీని 2016లో మూసేశారు. పెద్దాయన బల్ల కింద రేకు డబ్బాల నిండా చచ్చిపోయిన హెచ్‌ఎంటీలు ఉన్నాయి. ఒకదాని చక్రం తీసి ఇంకొకదానికి వేస్తాడు. కొత్త విడిభాగాలు రాని కాలంలో పాత గడియారాలు ఇంకా నడుస్తున్నాయంటే ఆ డబ్బాల పుణ్యమే.

వెనక మూత తెరిచాడు. మూత లోపలి వైపు గీరిన సన్నటి గుర్తులు నాకు చూపించాడు. ఏదో అక్షరం, నెల, ఏడాది. సర్వీసు చేసినవాళ్లు చాలామంది అక్కడ ఒక గుర్తు గీరి వదులుతారు. ఇది ఊరూరా, దేశదేశాల రిపేరుదారులు పాటించే అలవాటు. పెద్దాయన ఆ గుర్తులు చదివి, "ఆఖరిసారి తెరిచినాయన రింగు మార్చలేదు" అని తేల్చేశాడు. మూత గాడిలోంచి నల్లటి రబ్బరు రింగును చిమ్టాతో లేపితే ఎండిన నిమ్మతొక్కలా పుటుక్కున విరిగింది.

"ఈడ వాచీలకు మొదట సచ్చేది ఇదే" అన్నాడు. "వాన ఊళ్లల్లో రబ్బరు నానతాది. మా ఊళ్లో ఎండకు బిర్రబిగుసుకుపోతాది. బిగుసుకున్నంక అది వాచీకి కాదు, ఎవురికీ పనికిరాదు."

నా సందేహానికి జవాబు అక్కడ దొరికింది. కరువు నేల గడియారానికి నీళ్ల బెడద వాన రూపంలో రాదు. ఎండ ముందు రబ్బరును చంపుతుంది, తర్వాత నీళ్లను లోపలికి పిలుస్తుంది. ఎలాగంటే, మధ్యాహ్నం పొలంలో మనిషి చేతి గడియారం 40 డిగ్రీలకు చేరుతుంది. లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. అప్పుడు ఆ మనిషి దాహంతో వచ్చి 25 డిగ్రీల నీళ్ల తొట్టిలో చెయ్యి ముంచుతాడు. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. పీడనం నూటికి దాదాపు అయిదు వంతులు పడిపోతుంది. అరమీటరు లోతు నీళ్లలో ఉన్నంత ఒత్తిడి అది. రింగు మెత్తగా ఉంటే ఆ ఒత్తిడిని లెక్కచేయదు. పగిలి ఉంటే గడియారమే నీళ్లను పీల్చుకుంటుంది. రోజుకు నాలుగైదుసార్లు, ఎండాకాలమంతా ఇదే జరుగుతుంది. ఒక్కసారి చెరువులో పడిన గడియారం కంటే ఇలా రోజూ చుక్కచుక్క తాగే గడియారం ఎక్కువ చెడిపోతుందని నాకు నమ్మకం కుదిరింది. చెరువులో పడినదాన్ని ఎవరైనా వెంటనే తెచ్చి చూపిస్తారు. దీన్ని ఆగిపోయేదాకా ఎవరూ గమనించరు.

పైగా ఇక్కడి నీళ్లు ఉత్త నీళ్లు కావు. చెమటలో ఉప్పుంటుంది. బోరు నీళ్లలో సున్నం, ఫ్లోరైడు. నీళ్లు ఆరిపోయాక కూడా తెల్లటి పొడి మిగులుతుంది. బండలు పాలిష్ చేసేవాళ్ల గడియారాల్లో రాతి బురద. మండలంలో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. ఆ ధూళి కీ గొట్టంలోకి పోయి, చెమటతో తడిసి గట్టిపడితే కీ బయటికి లాగలేరు. పెద్దాయన ఒక పాత గడియారం చూపించాడు. మూత చుట్టూ ఉన్న సందంతా బూడిదరంగు గారతో పూడుకుపోయింది. దాని యజమాని పాలిష్ మిషను మీద పనిచేస్తాడట. మూత తెరవడానికే ఒక పూట పట్టిందన్నాడు.

నా గడియారం మిషను బయటికి తీసి భూతద్దం నాకిచ్చాడు. కీ ఉన్న వైపు, మూడు గంటల అంకె కింద, ఉక్కు భాగాల మీద ఎర్రటి తుప్పు మచ్చలు. మిగతా చోట్ల ఇత్తడి చక్రాలు మెరుస్తున్నాయి. నీళ్లు ఎక్కడ దిగాయో తుప్పే చెబుతుంది. మూత రింగు పోతే తుప్పు అంచు వెంట మొదలవుతుంది. కీ దగ్గరి రింగు పోతే కీ కడ్డీ, దాని చుట్టూ ఉన్న చిన్న పళ్ల చక్రాలు మొదట పోతాయి. నీళ్లు దిగే దారుల్లో కీ గొట్టమే పెద్దది. రోజూ పట్టుకుని తిప్పే భాగం, లాగే భాగం అదొక్కటే. అందుకే 1926లో రోలెక్స్ ఆయిస్టర్ గడియారానికి కీని స్క్రూలా తిప్పి బిగించే పద్ధతి పెట్టింది. 1927లో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లిష్ చానెల్ చల్లటి నీళ్లలో ఆ గడియారాన్ని మెడలో వేసుకుని గంటల తరబడి ఈదింది. పత్రికల్లో పెద్ద ప్రకటన పడింది. ప్రపంచానికి అప్పుడు కొత్తగా అనిపించింది గానీ, సూత్రం అంతా మూత, అద్దం, కీ అనే మూడు సందుల్ని మూయడమే.

తర్వాతి పని చూడటానికి ఎంత ఓపిక ఉన్నా చాలదు. మెయిన్ స్ప్రింగు బిగువు మెల్లగా వదిలించాడు. బ్యాలెన్స్ చక్రం, తల వెంట్రుక కంటే సన్నటి హెయిర్ స్ప్రింగు చిమ్టాతో ఎత్తి పక్కన పెట్టి గాజు మూత బోర్లించాడు. వంతెనలు, చక్రాలు, పాలెట్ ఒక్కొక్కటీ పెట్రోలులో ముంచి కుంచెతో రుద్దాడు. తుప్పు పట్టిన రెండు భాగాల్ని తిరిగి వెయ్యలేదు. రేకు డబ్బాలోంచి వేరేవి తీశాడు. "తుప్పు గీకి ఏసేటోళ్లు ఉంటారు. గీకినది మళ్లీ పడతాది. ఆ పొడి మిషన్ల తిరుగుతాది" అన్నాడు. జ్యువెల్ రాళ్ల గుంటల్ని చెక్కపుల్ల కొనతో తిప్పి శుభ్రం చేశాడు. నూనె పెట్టే సూది కొనకు అంటుకున్న చుక్క నా కళ్లకు ఆననే లేదు. మోతాదు మించితే నూనె పాకి దుమ్మును పోగేస్తుంది. తగ్గితే ఉక్కు అరుగుతుంది. ఈ గడియారం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకు నాలుగు లక్షల ముప్ఫైరెండు వేలసార్లు. అన్నిసార్లు తిరిగే కొనకు ఆ కనపడని చుక్కే ఆధారం. ఎండ దేశంలో ఆ నూనె త్వరగా చిక్కబడుతుంది. మూడేళ్లకోసారి ఇలా విప్పి కడిగి నూనె వేయించుకుని ఉంటే, ఇవాళ ఆయన డబ్బాలోకి పోయిన ఆ రెండు భాగాలు నా గడియారంలోనే ఉండేవి.

పని మధ్యలో ఆయన రాయలచెరువు రైల్వే వాళ్ల గురించి చెప్పాడు. చెన్నై ముంబై మార్గం మీద ఉన్న స్టేషను అది, ఈ మండలంలోనే. ఒకప్పుడు గ్యాంగ్‌మన్లు, పాయింట్స్‌మన్లు నెలకోసారి వచ్చి గడియారం సరిచేయించుకుని పోయేవారట. ఈ రైలు మార్గం కథలోనే కాలం కొలతకు సంబంధించిన ముచ్చట ఒకటి ఉంది. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు పట్టాలూ బొంబాయి పట్టాలూ కలిశాక, మద్రాసు వేధశాల సమయాన్నే రైళ్లకు వాడేవారు. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయం వచ్చింది. అది 82.5 డిగ్రీల రేఖాంశానికి లెక్క. యాడికి దానికి పడమరగా ఉండటంతో ఇక్కడ సూర్యుడి మధ్యాహ్నం గడియారంలో సగటున పన్నెండు గంటల పద్దెనిమిది నిమిషాలకు వస్తుంది. ఊళ్లో చాలామంది నీడ చూసి చెప్పే టైముకూ గడియారానికీ ఆ తేడా ఉంటుందని మిత్రుడు అన్నాడు. వాళ్ల నాన్న బండలు మోసేవాడు. గడియారం ఉన్నా నీడనే నమ్మేవాడట.

మరి క్వార్ట్జ్ గడియారాల సంగతేమిటని అడిగాను. పెద్దాయన చేతికొచ్చే గడియారాల్లో ఇప్పుడు చాలా భాగం అవే. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, ఆ గడియారాల్ని సాధారణంగా ఎవరూ విప్పి నూనె వెయ్యరు. కానీ నీళ్ల విషయంలో అవి మరీ సున్నితం. తడి సర్క్యూటుకు తగిలితే కొన్ని రోజుల్లోనే రాగి గీతల మీద పచ్చటి చిలుము పడుతుంది. వెంట్రుక కంటే సన్నటి తీగతో చుట్టిన కాయిలు తెగుతుంది. సెల్లు చచ్చిపోయాక లోపలే వదిలేస్తే అది కారి, నీళ్లకంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

అసలు ఆయనకు కోపం తెప్పించేది వేరే. సెల్లు మార్చడం. ఫ్యాన్సీ కొట్లలోనూ సెల్‌ఫోన్ షాపుల్లోనూ అయిదు నిమిషాల్లో మూత తీసి సెల్లు మార్చి మూత నొక్కేస్తారు. రబ్బరు రింగు గాడిలోంచి జారి నలిగిందా, మడతపడిందా, బల్ల మీదే ఉండిపోయిందా ఎవరూ చూడరు. మూత వెనక 30 మీటర్లు అని ఉంటుంది, కొన్నవాడు నమ్ముతాడు. నా లెక్కలో గడియారాలకు నీళ్లు దిగడానికి ఇదే అన్నిటికంటే పెద్ద కారణం, దీన్ని ఆపడం అన్నిటికంటే తేలిక. రింగుకు సిలికాన్ గ్రీజు కొంచెం రాసి, గాడిలో సరిగా కూర్చోబెట్టి, పాతదైతే మార్చి, అప్పుడు మూత వెయ్యాలి. ఇంకో అయిదు నిమిషాల పని.

ఆ 30 మీటర్ల మాట కూడా జనానికి ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. అది కొత్త గడియారం కదలని నీళ్లలో తట్టుకునే ఒత్తిడి. 3 బార్లు. మూత మీద ఆ ముద్ర ఉంటే చేతులు కడుక్కోవచ్చు, నాలుగు చినుకుల్లో తడవొచ్చు, అంతవరకే. బావిలో దూకి ఈదడానికి 100 మీటర్ల ముద్ర కావాలి. లోతైన నీళ్లలో మునిగేవాళ్ల కోసం ఐఎస్‌ఓ 6425 అనే వేరే ప్రమాణం ఉంది, అది ఇంకా కఠినం. ఏ ముద్ర ఉన్నా కీ బయటికి లాగి ఉంటే నీళ్లకు తలుపు తీసినట్టే. వేడినీళ్ల స్నానం, సబ్బు రెండూ రబ్బరుకు పడవు.

రాత్రి మిత్రుడి ఇంట్లో మగ్గం ఆగాక, పెద్దాయన చెప్పిన జాగ్రత్తలు కాగితం మీద రాసుకున్నాను. వచ్చే ముందు ఆయన్నడిగి మరొకసారి సరిచూసుకున్నాను. నీళ్లు దిగిన గడియారాన్ని ఎండలో పెట్టొద్దు. లోపలి నీళ్లు ఆవిరై మిషనంతా పాకుతాయి, డయల్ రంగు లేస్తుంది. బియ్యం డబ్బాలో దాచితే తేమ పోదు. ఆ ఆశతో రెండ్రోజులు పోతాయి, అంతలో తుప్పు పడుతుంది. కీ గడియారమైతే కీ ఇవ్వకుండా ఆపెయ్యాలి. క్వార్ట్జ్ అయితే వెంటనే సెల్లు తీయించాలి. సముద్రపు నీళ్లో ఉప్పు చెమటో అయితే ముందు బయటి వైపు మంచినీళ్లతో కడిగెయ్యాలి. ఏదైనా ఆ రోజే మూత తెరిపించాలి. రబ్బరు రింగుల్ని రెండేళ్లకోసారి మార్చాలి. రాయలసీమ ఎండలో అయితే అంత ఆగడం కూడా ఎక్కువే అంటాడు ఆయన. ఎండలో పనిచేసేటప్పుడు గడియారాన్ని జేబులో పెట్టుకొమ్మంటాడు. చేతి వేడి, చెమట, తొట్టి నీళ్లు అన్నీ ఒకేసారి తప్పుతాయని.

మరునాడు పొద్దున నా గడియారం సిద్ధమైంది. కొత్త రింగు, కీ దగ్గర మరో చిన్న రింగు. మూత లోపల తన గుర్తు, తేదీ గీరాడు. దీపం కింద వేడి చేసి నా ముందే నీటిబొట్టు వేసి తుడిచాడు. అద్దం తేటగా ఉంది. ఎంత ఇవ్వాలంటే చెప్పిన మొత్తం, ఆ పనికి తీసుకోవాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఇంత చదువున్న చేతికి ఈ సీమలో ఇంత తక్కువ విలువ కట్టడం నాకు బాధగా అనిపించింది. ఇంకొంచెం ఇస్తే మొహమాటంగా తిరిగిచ్చేశాడు.

అంతలో ఒక రైతు వచ్చాడు. పంచె మోకాళ్లదాకా బురద. తెల్లవారుజామున కరెంటు వచ్చిందని బోరు కాలువ మళ్లించడానికి పోయాడట, గడియారం కాలువలో పడింది. క్వార్ట్జ్ గడియారం. పెద్దాయన మాట్లాడకుండా మూత తెరిచి సెల్లు తీసి పక్కన పెట్టాడు. లోపల నీళ్లు చుక్కలుగా నిలబడి ఉన్నాయి. రబ్బరు బుడ్డితో గాలి కొడుతూ అడిగాడు.

"ఇది ఎవురి దగ్గర సెల్లు ఏపిచ్చినావు?"

"సంతలో, మొన్న."

"రింగు లేదు లోపల."

"రింగంటే?"

పెద్దాయన తన డబ్బాలోంచి వేరే గడియారం రింగు ఒకటి తీసి ఆ రైతు అరచేతిలో పెట్టాడు. రైతు దాన్ని వేలికొనతో నొక్కి చూశాడు.

"రేపు పొద్దునకి ఇచ్చేస్తావా?"

"రేపు కాదు. నీళ్లు ఆరిచ్చి కాయిలు చూడల్ల. ఈ సైజు రింగు నా దగ్గర లేదు, గుత్తి నుంచి రావల్ల. ఎల్లుండి రా. సెల్లు మటుకు నీ జోబులో పెట్టుకో, పారేయొద్దు."